రాత్రి పది గంటల పాఠం

రామగిరిల జిరాక్స్ దుకాణం మీద
రేకుల గది నాది.
రాత్రి పదికి కరెంటు పోకుంటే చాలు,
తెర మీదికి ఎక్‌హార్ట్ వస్తడు.
అక్కడ వాళ్లకింకా పొద్దుగూకలేదు.
యాభై ఏడేండ్ల లేతు పనోడు,
గోర్ల కింద సబ్బుకు దొరకని నూనె నలుపు
అచ్చం మా నాయిన చేతుల లెక్కనే.

వాళ్ల కంపెనీని ఎవరో కొన్నరట.
కొన్నోళ్లకు జర్మన్ రాదట.
ఇగ మిషన్లు గూడ ఇంగ్లీషుల్నే తిరగాల్నట.
అందుకే ఆయనకు నేను,
గంటకు నాలుగు వందలకు.

"ఫ్రౌ ఏర్పుల" అని పిలుస్తడు.
బడిల హాజరు పట్టీ దాటినంక
మా ఇంటిపేరును ఇంత మర్యాదగ
ఎవరూ నోట వట్టలే.

డెడ్‌లైన్ అంటే చావు గీతనా, అని భయపడ్డడు.
కాదు, బత్తాయి లారీ కదిలే టైమన్న.
కోసిన కాయ తెల్లారేసరికి మార్కెట్ల లేకుంటే
సచ్చేది ధర, మనిషి గాదు.
రాసుకున్నడు.
స్టేక్‌హోల్డర్ నాకే సరిగ తెల్వదు.
బోరు ఒకనిదైతే
నీళ్ల మీద లొల్లికొచ్చేటోళ్లంత, అన్న.
నవ్విండు. వాళ్ల ఊర్ల గూడ ఉన్నరట.

"నేను మా చెఫ్ నుంచి ఒక ఉత్తరం అయిన"
అన్నడు మొన్న మంగళవారం.
వాళ్ల బెకొమ్మెన్ అంటే దొరుకుడు,
చెఫ్ అంటే వంటాయన గాదు, పై సారు.
దిద్దిన. కానీ
మనిషి ఉత్తరమైపోవుడు నాకు నచ్చింది.
మడతవడి, జిగురంటి,
ఎవరో రాసిన అడ్రసుకు మారుమాట లేక పోవుడు.

ఆ ఉత్తరాన్ని కెమెరాకు దగ్గర పెట్టిండు.
వి ఆర్ లెట్టింగ్ యూ గో.
"లెట్ అంటే ఒప్పుకునుడు, గో అంటే పోవుడు.
ముప్పై ఒక్క ఏండ్లకు
అడగకుండనే సెలవిచ్చిన్రు, ఫ్రౌ ఏర్పుల!
మా ఆమెను సముద్రం కాడికి తీస్కపోత."

ఫ్యాన్ తిరుగుతనే ఉంది.
వాక్యం చిన్నది. క్రియ సక్కగనే ఉంది.
కర్త ఉన్నడు.
కర్మ నా ఎదురుంగ కుర్చీల కూసోని
నవ్వుతున్నది.

మా దిక్కు ఈ మాటకు మెత్తటి బొంత కప్పరు.
వాడపల్లి తొవ్వల సిమెంటు ఫ్యాక్టరీల
"రేపటి సంది రాకు" అన్నరు నాయినను.
మూడే మాటలు.
డిక్షనరీ అక్కర లేకుండె.
ఇంటికొచ్చి టిఫిన్ డబ్బ తనే తోమి
బోర్లిచ్చిండు.

చెప్పిన:
"ఎక్‌హార్ట్, ఆ గో కు మళ్ల కమ్ లేదు."

చానసేపు తెర ఆగిపోయిందనుకున్న.
ఆగలే. ఆయన కన్నార్పుతున్నడు.
"ఎంట్లాసెన్" అన్నడు మెల్లగ.
ఆ మాట నాకు ఎవరూ నేర్పలే,
అర్థమైంది.

ఉత్తరం కింద ఇంకో వరుస ఉంది:
చిన్న వీడ్కోలు గిఫ్ట్ ఇస్తరట.
ఈసారి ఆయన నవ్వు వేరే తీరుగ వచ్చింది.
"మా భాషల గిఫ్ట్ అంటే ఏందో తెల్సా?
విషం."

తెల్వక కాదు.
మర్రిగూడ దిక్కు మా మేనత్తోళ్లూర్ల
బోరు పడ్డనాడు ఊరంత కొబ్బరికాయలు కొట్టింది,
దేవుడిచ్చిన నీళ్లని.
ఆ నీళ్లే తాగి, ఇరవై నిండకముందే
మేనత్త నడుము వంగింది,
మోకాళ్లు ఒకదానికొకటి ఎదురు తిరిగినయి.
రెండర్థాలూ ఒక్క బిందెలనే
మోసుకొచ్చుకున్నది ఆమె.

చెప్పబోయి ఊకున్న.
ఇది ఆయన పైసలు కట్టిన గంట.

"ఇంకా ఇరవై నిమిషాలున్నయి" అన్నడు,
పెన్ను తీసిండు.
నోటీస్ పీరియడ్. స్పెల్లింగు చెప్పిన.
సెవరెన్స్ పే.
సెవరెన్స్ అంటే తెగుడు, అన్న.
"తెగినందుకు పైసలిస్తరా?"
ఇస్తరు. అడగాలె.
అడిగే తీరు రాసుకో:
ఐ వుడ్ లైక్ టు...

ఆయన రాసిండు, చూసిండు,
ఒక్క గీతల కొట్టేసిండు.
పైన పెద్దక్షరాలతోటి
ఐ వాంట్ అని దిద్దుకున్నడు.

ఎర్ర పెన్ను నా చేతులనే ఉండె.
మూత వెట్టిన.